చింతలగుంపు పగడానికి గుర్తింపు

చింతలగుంపు బొగ్గు కాలనీలోని ఒక క్వార్టర్లో సముద్రం ఉన్నట్టు అధికారికంగా నిర్ధారణ అయింది. సముద్రం పొడవు మూడడుగులు, వెడల్పు అడుగున్నర. ఏ వైపు నడిచినా ముందు టేకు చెట్లు, తర్వాత బొగ్గు కుప్పలు, ఆ తర్వాత గోదావరి తప్ప మరొకటి కనపడని ఈ ప్రాంతంలో ఇన్నాళ్లూ సముద్రం లేకపోవడం పెద్ద లోటుగా ఉండేదనీ, ఆ లోటు తీరడం హర్షణీయమనీ పెద్దలు అభిప్రాయపడ్డారు. సముద్రం యజమాని ఆంథోని మాత్రం ఏ అభిప్రాయమూ వెలిబుచ్చలేదు. ఆయనకు తీరిక లేదు. సముద్రంలో ఒక ప్రాణికి ఒంట్లో బాగా లేదు.

ఆంథోని బొగ్గుబాయిలో పంపు ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాడు. బాయి అడుగున ఊరే నీళ్లను పైకి తోడిపోయడం ఆయన ఉద్యోగం. నీళ్లు కనపడితే చాలు బయటికి తరిమిన మనిషికి, ఉద్యోగం అయిపోయాక కాసిన్ని నీళ్లు ఇంట్లో పెట్టుకుని వాటి ఎదురుగా కూర్చోవాలనిపించడం సహజమే. రిటైరయ్యేవాళ్లకు శాలువా కప్పి గోడ గడియారం చేతిలో పెట్టడం ఆ కాలనీ ఆచారం. టైముతో పని తీరిపోయిన రోజునే మనిషికి గడియారం ఎందుకిస్తారని ఎవరూ అడగరు. ఆంథోని అడిగాడు. తోటివాళ్లు నొచ్చుకుని, గడియారానికి బదులు ఒక అద్దాల తొట్టి, అందులో ఎర్ర చేపలు తెచ్చి ఇచ్చారు. ఎండాకాలం మొదలవగానే ఎర్ర చేపలు కూడా ఒకదాని వెనుక ఒకటి రిటైరయ్యాయి.

ఆ ఏడు ఆంథోని, భార్య ఇన్నమ్మ వేళాంగణ్ణి మాత పండుగకు వెళ్లారు. తిరుగు ప్రయాణంలో చెన్నైలో ఒక దుకాణంలో ఉప్పునీటి తొట్టి చూసి ఆయన కదలకుండా నిలబడిపోయాడు. రైలు పోతుందని ఇన్నమ్మ చెయ్యి పట్టి లాగితే తప్ప బయటికి రాలేదు. వచ్చేటప్పుడు ఆయన సంచిలో సముద్రపు ఉప్పు పొట్లాలు, తడిగుడ్డలో చుట్టిన ఒక రాయి ఉన్నాయి. ఆ రాయిలో కంటికి కనపడని ప్రాణులుంటాయనీ, అవే నీళ్లను శుభ్రం చేస్తాయనీ దుకాణదారు చెప్పాడట. మొక్కు తీర్చుకుని వచ్చేవాళ్లు నూనె సీసా తెస్తారు, మాత పటం తెస్తారు, రాయి తేవడం ఏమిటని కాలనీ ముక్కున వేలేసుకుంది.

"ఎవరింట్లనన్న ఉప్పెక్కువైతే కూర పారబోస్తరు. ఈయన తొట్టిల ఉప్పు తక్కువైతే అన్నం మానేస్తడు," అని ఇన్నమ్మ పక్క క్వార్టర్ బిచ్యాతో చెప్పుకుంది. బిచ్యా, ఆంథోని బాయిలో ఒకే షిఫ్టు. ఒకరి టార్చి వెలుగులో ఒకరు నడిచినవాళ్లు. అందుచేత బిచ్యా నవ్వలేదు, "పోనీ వదినా, ఆయన తాగుడు నేర్వలే గద," అని మాత్రం అన్నాడు.

వానలు వెనకపట్టాక రాయి మీద ఒక చోట గోరంత బుడిపె లేచింది. తర్వాత అది రూపాయి బిళ్లంత అయింది. గోధుమరంగు మడతలు, నడుమ ఆకుపచ్చ నోరు. తొట్టి లైటు తీసేస్తే మడతల్లోంచి సన్నటి వేళ్లు బయటికి వచ్చేవి, చంటిపిల్ల గుప్పిట విప్పినట్టు. ఇన్నమ్మ రొయ్యను నలిపి ఆ నీళ్లను నోటి దగ్గర వదిలితే వేళ్లన్నీ ఒక్కసారిగా లోపలికి ముడుచుకునేవి. మొదట విసుక్కున్న మనిషే, తర్వాత "దానికి పెట్టినవా?" అని అడగకుండా తాను కంచం ముందు కూర్చోవడం మానేసింది. ఇక ఆంథోని సంగతి చెప్పనక్కర్లేదు. బాయిలో చీకట్లో పంపు చప్పుడు వింటూ ఒంటరిగా గడిపినవాడికి, తొట్టిలోని చిన్న పంపు చేసే అదే చప్పుడు పక్కన ఒక ప్రాణి తన ఎదుట వేళ్లు చాపింది. ఆయన దాన్ని ప్రేమించాడు. ఈ మాటను ఇంకోలా చెప్పడం కుదరదు.

ఎండాకాలం వచ్చింది. ఈ వైపు ఎండ గురించి తెలిసినవాళ్లకు చెప్పాల్సింది లేదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కూలరును ఆంథోని తొట్టి వైపు తిప్పాడు. ఇన్నమ్మ తాటాకు విసనకర్రతో విసురుకుంటూ, అప్పుడప్పుడు దాన్నే తొట్టి వైపు కూడా విసిరేది. అయినా ఒక ఉదయం దాని అంచు తెల్లబడి ఉంది. వెలుగు చాలడం లేదేమో అనుకుని లైటు దగ్గరికి జరిపాడు. తెలుపు పెరిగింది. వెలుగెక్కువైందేమో అని దూరం జరిపేలోగా, మళ్లీ తప్పు చేస్తే ప్రాణం పోతుందని భయం పట్టుకుంది. దానికి ఎండ కావాలా, నీడ కావాలా? అది తెలియాలంటే అదేమిటో తెలియాలి. ఆంథోని ఫోటో తీసి, ఫోనులో తానున్న అక్వేరియం మిత్రుల గ్రూపులో పెట్టి, దీని పేరు చెప్పి పుణ్యం కట్టుకోమని వేడుకున్నాడు.

మన గ్రూపుల్లో విజ్ఞానానికి కొదవ లేదు. ఒకాయన కాలీఫ్లవర్ అన్నాడు. ఇంకొకాయన మెదడు అన్నాడు, ఎవరిదో చెప్పలేదు. ఒకావిడ అది తామర అని తేల్చి, ఉదయం సాయంత్రం పూయవలసిన మందు పేరు రాసింది. మిగిలినవాళ్లు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. చెన్నైలో ఇలాంటి తొట్లు కట్టే జస్టిన్ అనే కుర్రాడు ఒక్కడే ఫోను చేసి మాట్లాడాడు. "అంకుల్, అది రాతి పగడం. అంతవరకే గ్యారంటీ. ఏ జాతో తేల్చాలంటే పైన కండ పోవాలి. లోపల ఎముకలాగా ఒక గూడు ఉంటది, దాని మీద గీతలు చూసి చెప్తరు."

"చచ్చినంక చెప్తరన్నట్టు," అన్నాడు ఆంథోని. "ఎండనా, నీడనా? అదొక్కటి చెప్పు బాబూ."

"జాతి తెలియకుండా చెప్తే, రేపు ఏమన్నా అయితే నా మీదికి వస్తది అంకుల్," అన్నాడు జస్టిన్. చిన్నవాడైనా మంచి భవిష్యత్తు ఉన్నవాడు.

అదే గ్రూపులో ఒక శ్రేయోభిలాషి ఉన్నాడు. ప్రతి గ్రూపులోనూ ఒకడుంటాడు. పాపం ఆ పగడానికి ఏదైనా మేలు జరగాలన్న సదుద్దేశంతో ఆయన ఫోటోను, ఆంథోని అడ్రసును వన్యసంపద కార్యాలయానికి పంపించాడు.

వన్యసంపద అధికారి సారంగపాణి జీపు దిగుతూనే చట్టం తెరిచాడు. చట్టంలో పులి ఏ వరుసలో ఉందో రాతి పగడం కూడా అదే వరుసలో ఉంది. కాబట్టి క్వార్టర్లో పులి ఉన్నట్టే లెక్క. కాలనీవాసులు చీకటి పడ్డాక ఒంటరిగా తిరగరాదని హెచ్చరిక జారీ అయింది. వీధి మొదట్లో "వన్యప్రాణి సంచార ప్రాంతం, హారన్ మోగించరాదు" అని బోర్డు పాతారు. తొట్టి ఎదుట గోడకు కెమెరా బిగించారు. అది వారం పాటు పనిచేసి, ఇన్నమ్మ ఊడుస్తున్న దృశ్యాలను వివిధ కోణాల్లో సేకరించింది. చుట్టుపక్కల మేకలేమైనా తప్పిపోయాయా అని సారంగపాణి విచారించాడు. నిజంగానే ఒక మేక తప్పిపోయింది. దాన్ని పగడం ఖాతాలో రాసుకుని, ఆంథోని వైపు తిరిగాడు.

"ఇది చట్టంలో ఉన్న జీవి అని తేలిందనుకో, నువ్వు నేరస్థుడివి. తేలకపోతే అమాయకుడివి. తేలేదాకా రెండూనూ."

"జైలుకు పోత సార్. దీనికి ఎండ కావాల్నా, నీడ కావాల్నా చెప్పుండ్రి. అంచుకు తెల్లగైతాంది," అన్నాడు ఆంథోని.

"గుర్తింపు కాకుండా సలహాలు ఇవ్వడానికి మాకు అధికారం లేదు," అని సారంగపాణి నిజాయితీగా ఒప్పుకున్నాడు.

పేరులో రాయి ఉన్న వస్తువును తమకు తెలియకుండా పరిశీలించడం పట్ల ఖనిజ కార్యాలయం తీవ్రంగా స్పందించింది. అక్కణ్నుంచి హరిప్రసాద్ అనే అధికారి వచ్చి, అద్దం మీద చెవి ఆనించి విని, లోపల ఖనిజం ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేమన్నాడు. నీళ్లలో ఉన్నదేదైనా తమ పరిధిలోదేనంటూ జలపుష్పాల కార్యాలయం నుంచి భవాని మేడమ్ వచ్చింది. ఆమె వల తెచ్చుకుంది. ముగ్గురూ తొట్టి చుట్టూ నిలబడి, అది చెట్టా, రాయా, చేపా అన్న విషయంపై మధ్యాహ్నం దాకా హుందాగా వాదించుకున్నారు. ఎవరి కార్యాలయం దేనిదైతే వాళ్ల కంటికి అది అలాగే కనపడింది. ముగ్గురినీ ఆంథోని అదే ప్రశ్న అడిగాడు. ముగ్గురూ అది తమ పరిధిలోకి వచ్చాక చెబుతామన్నారు.

వార్త పొక్కింది. పగడం అనగానే కుజదోషం ఉన్నవాళ్లంతా బయల్దేరారు. ఉంగరంలో రవ్వంత పగడానికే దోషం పోతే, బతికున్న పగడం చుట్టూ ప్రదక్షిణ చేస్తే ఏమవుతుందో లెక్కకట్టిన పురోహితుడు కూడా వాళ్లతో వచ్చాడు. కేథలిక్కుల ఇంట్లో, మరియమాత పటం కింద, పెళ్లికాని యువతీయువకులు తొట్టి చుట్టూ తిరుగుతుంటే ఇన్నమ్మ వాళ్లకు మజ్జిగ ఇచ్చి, "గంత దగ్గరకు రాకుండ్రి, దానికి ఉక్కపోస్తది," అని బతిమాలింది. ఆ తిరుగుళ్లలో రెండు సంబంధాలు కుదిరాయి. పగడం మాత్రం సగం మేర తెల్లబడింది.

స్థానిక నాయకుడు కుమారస్వామి ఆలస్యంగా మేల్కొన్నా గట్టిగా మేల్కొన్నాడు. ఆంథోని వాకిట్లో టెంటు వేసి సముద్ర సాధన సమితిని స్థాపించాడు.

"సోదర సోదరీమణులారా, పక్క రాష్ట్రానికి ఎంత సముద్రం ఉన్నది? చూపు ఆననంత. మనకెంత ఉన్నది? మూడడుగులు. ఈ మూడడుగులైనా ఎవరు ఇచ్చిండ్రు? ఎవరూ ఇయ్యలే. మన కార్మిక సోదరుడు ఆంథోని ఉప్పు కొని, నీళ్లు పోసి, సొంతంగ కలుపుకున్నడు. మన వాటా సముద్రం మనకు దక్కేదాక ఈ పోరాటం ఆగదు. చింతలగుంపుకు ఓడరేవు మంజూరయ్యేదాక నేను చెప్పులు వేసుకోను."

అని ఆయన అక్కడికక్కడే చెప్పులు విప్పి, కారు ఎక్కాడు. చప్పట్లకు తొట్టి అద్దాలు అదిరాయి. టెంటు లైట్ల కోసం కరెంటు లాగడం వల్ల కూలరు ఆగిపోయింది. ఉపన్యాసం సాగినంతసేపూ ఆంథోని ఐసు ముక్కలు పాలిథిన్ సంచిలో కట్టి తొట్టిలో వేలాడదీస్తూ నిలబడ్డాడు. జనం దాన్ని ఏదో శాస్త్రీయ ప్రక్రియ అనుకుని ఫోటోలు తీసుకున్నారు.

ఒత్తిడి పెరగడంతో మూడు కార్యాలయాలూ కలిసి ఉమ్మడి కమిటీగా ఏర్పడ్డాయి. కమిటీ పగడాన్ని కాపాడితీరాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. కాపాడాలంటే గుర్తించాలి. గుర్తించాలంటే జస్టిన్ చెప్పినట్టు కండ తీసి ఎముక చూడాలి. ఈ విషయం శాస్త్రజ్ఞులూ ఒప్పుకున్నదే. కాబట్టి కాపాడటంలో మొదటి మెట్టుగా చంపడం అనివార్యమని కమిటీ విచారంతో నిర్ణయించింది. ఇంత తేటగా ఆలోచించే కమిటీలు మనకు అరుదు.

ఆంథోని చేతులు కట్టుకుని కమిటీ ముందు నిలబడ్డాడు.

"పాణం పోయినంక పేరెందుకు సార్?"

"పేరు లేకుంటే ఏ ఖాతా కింద కాపాడాలయ్యా?" అని సారంగపాణి మెత్తగా అడిగాడు. "నీ మంచికే చెప్తున్న. దీన్ని గిట్లనే వదిలేస్తే ఏదో ఒకనాడు చచ్చిపోతది. అప్పుడు ఏం చచ్చిందో కూడా తెలియకుండా పోతది. అది మనకు మర్యాదేనా?"

దీనికి జవాబు మీ దగ్గర ఉంటే కమిటీకి పంపించవచ్చు.

ఆ తర్వాత జరిగినది పూర్తిగా నిబంధనల ప్రకారం జరిగింది. వన్యసంపద కార్యాలయం పుట్టిన నాటి నుంచీ పట్టుకున్నది టేకు దుంగలనే. పట్టుకున్న ప్రతి దుంగ మీదా సుత్తితో కార్యాలయపు ముద్ర కొట్టాలి. ముద్ర పడని సరుకు దొంగ సరుకు. దుంగలైనా, ఎడ్లబండైనా, ఒకసారి పొరపాటున పట్టుకున్న పెళ్లి మంచమైనా ముద్ర పడకుండా ఆ గేటు దాటలేదు. పగడానికి మినహాయింపు ఇస్తే రేపు దుంగలు కూడా అడుగుతాయి. సారంగపాణి సైగ చేశాడు. సిబ్బంది రాయిని తొట్టిలోంచి ఎత్తి వాకిట్లో గోనెసంచి మీద పెట్టారు. ఇన్నమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ముద్ర సుత్తి, టేకు మీద పడే అలవాటు చొప్పున పడింది.

రాయి మూడు ముక్కలైంది. సరిగ్గా మూడు కార్యాలయాలు ఉండటం వల్ల పంపకంలో ఇబ్బంది రాలేదు. పొడి రాలింది రాలినట్టు ఉన్న గోనెసంచిని, అది రికార్డులో లేని వస్తువు కాబట్టి, అక్కడే వదిలేశారు. ఇన్నమ్మ ఆ సంచిని ఎత్తి, ఏం చేయాలో తోచక, తొట్టి నీళ్లలోనే దులిపింది. సముద్రం నుంచి వచ్చింది సముద్రంలోనే పోనీ అనుకుంది. ఆంథోని ఆ రోజు తొట్టి వైపు చూడలేదు. పంపు మాత్రం ఆపలేదు, అలవాటు.

ముక్కలను ఎవరి కార్యాలయంలో వాళ్లు ఉడకబెట్టి, కండ ఊడదీసి, తెల్లటి ఎముకలను భూతద్దంలో చూశారు. నివేదికలు ఒకేసారి వెలువడ్డాయి. ఇది సిమెంటుకు పనికిరాని సున్నపురాయి అని ఖనిజ కార్యాలయం తేల్చింది. ఇది ముళ్లెక్కువ ఉండి తినడానికి వీల్లేని చేప అని జలపుష్పాల కార్యాలయం ప్రకటించింది. ఇది ఎదుగుదల లేక ఎండిపోయిన చెట్టు, కలపకు పనికిరాదు అని వన్యసంపద కార్యాలయం ధ్రువీకరించింది. మూడు నివేదికలూ ఒకదాన్నొకటి ఖండించుకోకుండా జాగ్రత్తపడ్డాయి. అది పనికిరానిదన్న విషయంలో ఏకాభిప్రాయం ఉండటం వల్ల ఆంథోని నిర్దోషిగా బయటపడ్డాడు. జిల్లాకు పేరు తెచ్చినందుకు సభ పెట్టి ఆయనకు శాలువా కప్పారు, గోడ గడియారం చేతిలో పెట్టారు. ఈసారి ఆయన ఎందుకని అడగలేదు.

వానలు పడ్డాక ఒక సాయంత్రం తొట్టి కడిగి పక్కన పెట్టేద్దామని ఆంథోని పంపు పక్కకు జరిపాడు. పంపు వెనుక మూల, లైటు పడని చోట, అద్దానికి అంటుకుని మెంతిగింజలంత బుడిపెలు కనపడ్డాయి. గోధుమరంగు. నడుమ ఆకుపచ్చ. తెలుపు జాడ లేదు.

"ఇన్నమ్మా," అని పిలిచాడు. "నీడ. దానికి నీడ గావాలె."

ఇన్నమ్మ వచ్చి వంగి చూసింది. వంటింట్లోకి వెళ్లి రొయ్యను నలిపింది. ఆంథోని సంతోషం పట్టలేక ఫోను తీశాడు, ఫోటో తీశాడు, గ్రూపు తెరిచాడు. అప్పటికే చూడటానికి వచ్చిన బిచ్యా ఆయన చేతి మీద చెయ్యి వేశాడు.

"వద్దన్నా. మా తండ యాదుందా నీకు? అడవిల ఉన్నన్నొద్దులు ఎవరూ రాలే. రోడ్డు వెయ్యిమంటే మీ తండ రికార్డులనే లేదన్నరు. ఒకనాడు మంచిగ వచ్చి పేరు రాసుకున్నరు, ఇండ్లకు నంబర్లు ఏసిండ్రు. మా అవ్వ సంబురపడి అందరికీ బెల్లం పంచింది. ఆ నంబర్ల వరుసనే మమ్ముల అడవిలకెల్లి లేపిండ్రు."

ఆంథోని ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు అవి అరచేతంత అయ్యాయి. విరిగితే రెండవుతాయని తెలిసి, ఒక ముక్క బిచ్యా ఇంటికి, ఇంకో రెండు ముక్కలు ఇంకో రెండు క్వార్టర్లకు చేరాయి. కాలనీకి ఏ అధికారి వచ్చినా ఆంథోని వినయంగా జవాబిస్తాడు. వన్యసంపద వారు తొట్టిలో అదేమిటని అడిగితే "రాయి సార్" అంటాడు. ఖనిజం వారు అడిగితే "చేప సార్" అంటాడు. జలపుష్పాల వారు అడిగితే "చెట్టు మేడమ్" అంటాడు. తమ పరిధి కాదని తెలిశాక వారికి కలిగే ప్రశాంతత చూసి తీరవలసిందే. మూడు జవాబులకూ ప్రభుత్వ నివేదికల ఆధారం ఉంది.

దాని గోధుమరంగు మడతలు, ఆకుపచ్చ నోరు, చీకట్లో చాచే వేళ్లు పైన వివరంగా చెప్పడం జరిగింది. చదువుకున్నవారు కాబట్టి మీలో కొందరికి ఈపాటికే దాని పేరు తట్టి ఉంటుంది. పాపం ఆంథోనికి తెలియజేద్దామనీ, సంబంధిత వారి దృష్టికి తెద్దామనీ అనిపించి ఉంటుంది. గ్రూపులో ఉన్న ఆ శ్రేయోభిలాషి కూడా సరిగ్గా మీలాంటివాడే, జాలిగుండె కలవాడు, చదివింది నలుగురికీ పంపకుండా ఉండలేనివాడు. అందుకే ఈ కథలో ఊరి పేరు మార్చడమైనది.